తేల్చింది ఎవరు, మోసింది ఎవరు: ఒక నిమ్మ గుమాస్తా లెక్క

మన నిర్ణయాలు ఎవరు తేలుస్తున్నారో, మన బరువులు ఎవరు మోస్తున్నారో రాసి చూసుకునే లెక్క ఇది. ముందుగా పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి కొనండి. నూరు పేజీలది చాలు. ఫోన్లో రాసుకుంటే పోదా అంటారేమో. ఫోన్ చేతిలోకి తీసుకున్న మనిషి రాయాల్సింది రాసి ఊరుకోడు, నలుగురూ ఏం పెట్టారో కూడా చూస్తాడు. మన లెక్కంతా ఆ నలుగురి గురించే కాబట్టి వాళ్ళు పక్కన లేనప్పుడు రాయడం మేలు.

పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో తేదీ, విషయం. రెండో గడి పైన "తేల్చింది ఎవరు" అని, మూడో గడి పైన "మోసింది ఎవరు" అని రాయండి. నాలుగో గడి కూడా ఒకటుంది. దాన్ని ఇప్పుడే గీయొద్దు, చోటు మాత్రం వదలండి. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన వాటిలో ఒకటో రెండో రాయాలి. ఇలా 41 రోజులు, అంటే ఒక మండలం. అయ్యప్ప మాల వేసుకునే వాళ్ళకి ఆ లెక్క తెలుసు. ఒక అలవాటు మనిషిని పట్టుకోవడానికి ఆ మాత్రం పడుతుంది.

నేనెవరో చెప్పలేదు. నెల్లూరు జిల్లా పొదలకూరులో నిమ్మకాయల కమీషన్ కొట్లో 31 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. ఏ రైతు ఎన్ని బస్తాలు దించాడు, కాటా మీద ఎంత తూగింది, కూలీ ఎంత, కమీషన్ ఎంత, చేతికి ఎంత, ఇదే నా బతుకు. రెండేళ్ళ కిందట మానేశాను. ఊరి బయట మాకు రెండెకరాల నిమ్మ తోట ఉంది, అందులో ఒక రేకుల గది. పొద్దున్నే పోయి అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. అప్పుడే నెల్లూరులో పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది, థోరో అనే అమెరికా రచయిత రాసిన 'వాల్డెన్'. వి.ఆర్. కాలేజీలో ఎప్పుడో చదివిన బీకాం ఇంగ్లీషుతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకి రెండు పేజీల లెక్కన చదివాను.

నిజం చెప్పాలంటే నన్ను కట్టిపడేసింది ఆయన తత్వం కాదు, పద్దు. మనిషి 1845 జూలై 4న అమెరికాలో కాంకర్డ్ అనే ఊరి పక్కన చెరువు గట్టున, తన చేతులతో కట్టుకున్న గదిలోకి మారాడు. పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. దానికైన ఖర్చు మొత్తం పద్దు రాశాడు. పలకలకి 8 డాలర్ల 3½ సెంట్లు, మేకులకి 3 డాలర్ల 90 సెంట్లు, తలుపు గడియకి 10 సెంట్లు, సుద్దముక్కకి 1 సెంటు. మొత్తం 28 డాలర్ల 12½ సెంట్లు. ఆ అర సెంటు చూడగానే వీడు మనవాడే అనుకున్నాను. అర సెంటు వదలని మనిషి మిగతా విషయాల్లో కూడా అబద్ధం ఆడడులే అని ఒక నమ్మకం.

ఆయనా, ఆయన గురువులాంటి ఎమర్సనూ, ఇంకొందరూ కలిసి చెప్పిన మాట టూకీగా ఇది. సత్యం చర్చిలోనో, పెద్దల ఆచారంలోనో, లోకం మెప్పులోనో ఉండదు, ప్రతి మనిషి లోపలా ఉంటుంది. కాబట్టి నిన్ను నువ్వు నమ్ముకో, గుంపు వెంట పోవద్దు. ట్రాన్సెండెంటలిస్టులు అంటారు వీళ్ళని. మనకిది మరీ కొత్త మాటేం కాదు. వాళ్ళు కూడా మన వైపు చూసినవాళ్ళే. విల్కిన్స్ అనే ఇంగ్లీషాయన 1785లో ఇంగ్లీషులోకి తెచ్చిన భగవద్గీతను ఎమర్సనూ థోరోనూ ఇద్దరూ చదివారు. ఒకటి మాత్రం నాకు నవ్వొచ్చింది. ఎవరికి వాళ్ళే చాలు అనే ఈ మనుషులంతా 1836లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు, 1840లో ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. ఒంటరితనం గొప్పదని చెప్పుకోవడానికి కూడా నలుగురు కావాల్సొచ్చింది!

ఆ నవ్వు దగ్గర్నుంచే నా అనుమానం మొదలైంది. ఒంటరిగా ఉండటం గొప్పా, నలుగురితో ఉండటం గొప్పా అని తూచబోతే కాటా నిలవదు, ఇటూ అటూ ఊగుతూనే ఉంటుంది. మండీలో మాకో సంగతి తెలుసు: కాటా ఊగుతుందంటే రాళ్ళు తప్పు కావచ్చు, లేదా ఒకే పళ్ళెంలో రెండు రకాల సరుకు పడి ఉండొచ్చు. ఇక్కడ పడింది రెండు రకాల సరుకే. ఒకటి తేల్చుకోవడం, ఇంకోటి మోయడం. అందుకే రెండు గడులు.

ఇక ఎలా నింపాలో చెప్తాను. నా పుస్తకంలో రెండో రోజు పద్దు ఇది. "మేనకోడలి కూతురి ఓణీల ఫంక్షన్. చదివింపులు 10 వేలు." తేల్చింది ఎవరు? నేనా? కాదు. నా చేతిలో ఉన్నది నాలుగు వేలు. మా తోడల్లుడు 10 వేలు చదివించాడని ముందు రోజే కబురొచ్చింది. కాబట్టి తేల్చింది: తోడల్లుడు, ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని పేర్లు చదివే అబ్బాయి. మోసింది? మిగతా ఆరు వేలు నేను వడ్డీకి తెచ్చిన సంగతి నాకూ, ఇచ్చినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. మోసింది: నేను ఒక్కణ్ణే.

తొమ్మిదో రోజు. "మోకాలి నొప్పి." ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. మోసింది: నేనే.

ఇలా రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు. రెండో గడిలో "అందరూ" అని రాయొద్దు. అందరూ అనే మనిషి లేడు. పేరు రాయండి, కనీసం వరస రాయండి: బావ, పెదనాన్న, ఎదురింటావిడ. ఎవరి మొహం కళ్ళ ముందు కనపడితే మీరు తలూపారో ఆ మొహం ఎవరిది? రెండో జాగ్రత్త, చిన్నవి వదలొద్దు. ఏ రంగు చొక్కా కొన్నాం, ఏ పార్టీ మాటకి అవునన్నాం, అవి కూడా. మూడోది, రాసింది ఇంకొకరికి చూపించకండి. చూపిస్తామని తెలిస్తే చెయ్యి అబద్ధం రాస్తుంది. నా చెయ్యి మొదటి వారం అదే పని చేసింది, ఆ పేజీలు చింపేసి మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను.

ఇరవై రోజులయ్యాక ఒకసారి ఆగి పైనుంచి కిందకి చూసుకోండి. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. మండలం పూర్తయ్యేసరికి నా పుస్తకంలో 58 పద్దులు తేలాయి. అందులో నేను ఒక్కణ్ణే నిజంగా ఆలోచించి తేల్చుకున్నవి 9. మా ఆవిడా నేనూ కలిసి తేల్చుకున్నవి 15. మిగతా 34 ఊరు తేల్చినవే. అదే మోయడం దగ్గరకొస్తే 58లో 37 నేను ఒక్కణ్ణే, నోరు మూసుకుని మోసినవి.

అంటే నేను మొత్తం తలకిందులుగా బతుకుతున్నాను. ఒంటరిగా కూర్చుని తేల్చుకోవాల్సిన వాటిని ఊరికి వదిలేశాను. ఊరితో కలిసి మోయాల్సిన వాటిని తువ్వాలు కప్పి ఒంటరిగా మోస్తున్నాను. మీ లెక్క ఎలా వస్తుందో నాకు తెలియదు గానీ, మా పేటలో ఇంకో ఇద్దరి చేత ఈ పుస్తకం రాయిస్తే వాళ్ళు చెప్పిన మొత్తాలూ దాదాపు ఇంతే.

ఆ పని అయ్యాక మళ్ళీ థోరోని చదివితే వేరే మనిషిలా కనపడ్డాడు. అడవిలో ఒంటరిగా ఉన్నాడు అంటారు గదా, ఆ చెరువు ఊరికి మైలున్నర దూరం. ఒకటి రెండు రోజులకోసారి ఊళ్ళోకి పోయి కబుర్లు విని వచ్చేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. ఆ నేల ఎమర్సన్‌ది. చెట్లు కొట్టిన గొడ్డలి అరువు తెచ్చింది, తెచ్చినప్పటికన్నా పదునుగా తిరిగిచ్చానని కూడా రాశాడు. గది చట్రం నిలబెట్టేటప్పుడు స్నేహితులు వచ్చి చెయ్యి వేశారు. అక్కడికి పోవాలా వద్దా, ఎన్నాళ్ళు ఉండాలి, ఎందుకు ఉండాలి అన్నది మాత్రం ఆయన ఊరికి వదిలేయలేదు. రెండేళ్ళ రెండు నెలల తర్వాత, 1847 సెప్టెంబరు 6న తిరిగి వచ్చేయాలన్నదీ అంతే. చట్రం నలుగురూ నిలబెట్టారు, నిర్ణయం ఒక్కడే నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు పని. తేల్చుకోవడాన్ని మళ్ళీ మీ చేతిలోకి ఎలా తెచ్చుకోవాలి?

దానికి ఒక కుర్చీ కావాలి. థోరో గదిలో మూడు కుర్చీలు ఉండేవి, ఒకటి ఏకాంతానికి, రెండు స్నేహానికి, మూడు నలుగురికి అన్నాడు. నేను ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తోటలో బోరు పక్కన చెట్టు కింద వేశాను. అడవికి పోనక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడ అయినా చాలు. రోజూ ఒకే చోట, ఒకే వేళ, ముప్పావు గంట. ఫోన్ ఇంట్లో వదిలేయండి, జేబులో పెట్టుకుని ఆపేశాం అంటే లాభం లేదు, చెయ్యి అటే పోతుంది. మొదటి వారం రోజులు ఆలోచనలు రావు. పాత తగాదాలు వస్తాయి, ఎవరో పదేళ్ళ కిందట అన్న మాటకి అప్పుడు ఇవ్వాల్సిన జవాబు వస్తుంది. రానివ్వండి. బోరు ఆన్ చేసినప్పుడు మొదట తుప్పు నీళ్ళే వస్తాయి. ధ్యానం అనే పేరు పెట్టొద్దు, పెడితే సరిగ్గా చేశానా లేదా అని ఇంకో టెన్షన్.

ఏదైనా తేల్చుకోవాల్సింది ఉంటే మూడు పొద్దులు వరసగా అదే ఆలోచించండి. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరూ చూడకపోతే కూడా నేను ఇదే చేస్తానా? ఇది నా మనస్సాక్షా, నా పంతమా? కాదంటే నాకు ఏం మిగులుతుంది? ఈ మూడోదాన్ని నేను కొట్లో నేర్చుకున్నాను. కాదన్నందువల్ల మన జేబులో డబ్బులు మిగిలితే, అది మనస్సాక్షి కాకపోవచ్చు, ఉత్త పిసినారితనం కావచ్చు. ఎమర్సన్ పేరు చెప్పుకుని చందాలు ఎగ్గొట్టే వాళ్ళు బయల్దేరితే ఆ పాపం నాకొద్దు.

చందా అంటే గుర్తొచ్చింది. మా ఊరి తిరునాళ్ళకి ఇంటికి 5 వేలు వేశారు. అందులో సగం పైన రికార్డింగ్ డ్యాన్సుకి. ఆడపిల్లల చేత ఆ స్టేజీ మీద చేయించేది చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది, ఇరవై ఏళ్ళుగా తిప్పుతూనే ఉంది, ఇరవై ఏళ్ళుగా ఇస్తూనే ఉన్నాను. పోయినేడు మూడు పొద్దులు కుర్చీలో కూర్చున్నాను. ఇవ్వనని తేల్చుకున్నాను. మూడో ప్రశ్న ఉంది కదా, కాబట్టి ఆ 5 వేలకీ బియ్యం, కందిపప్పు కొని అన్నదానానికి తోలించాను. కమిటీ వాళ్ళకి నేనే పోయి ఎదురుగా చెప్పాను. ఇది ముఖ్యం. కాదనే మాట ఎదురుగా చెప్పాలి, ఇంకొకరితో చెప్పిస్తే అది చాడీ అవుతుంది.

థోరో కూడా 1846 జూలైలో పన్ను కట్టనన్నాడు. బానిసత్వాన్ని మోస్తున్న, మెక్సికో మీద యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి నా డబ్బు ఇవ్వనన్నాడు. ఒక రాత్రి జైల్లో పెట్టారు. ఎవరో ఆయన తరఫున కట్టేస్తే మర్నాడు వదిలేశారు. ఈ కథ చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తర్వాతది. బయటికి రాగానే చెప్పులు కుట్టే అతని దగ్గర బాగుచేయించుకోవడానికి ఇచ్చిన బూటు తీసుకుని, తొడుక్కుని, అడవి పళ్ళు కోయడానికి పోయే గుంపుకి ముందు నడిచాడు. వాళ్ళు ఈయన కోసమే ఎదురుచూస్తున్నారు. ఇంకోటి కూడా రాశాడు. ఆ పన్ను కట్టలేదు గానీ రోడ్డు పన్ను ఎప్పుడూ ఎగ్గొట్టలేదట. ప్రభుత్వానికి చెడ్డ ప్రజగా ఉండాలని ఎంత కోరికో, మంచి ఇరుగుపొరుగుగా ఉండాలని అంతే కోరికట. నిమ్మకాయల మనిషిని కాబట్టి నాకు ఆ కాయకోత బాగా నచ్చింది. కాదన్న మర్నాడు ఏం చేయాలన్నదానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనపడలేదు: గుంపులోకి తిరిగి పోవాలి, చేతులు ఖాళీగా పెట్టుకోకుండా పోవాలి.

నేనూ పోయాను. అన్నదానం రోజు సాంబారు బకెట్ పట్టుకుని బంతిలో వడ్డిస్తున్నాను. మా ఊరి పెద్దాయన ఒకాయన, వరసకి మామ, ఆకు ముందు కూర్చుని తలెత్తి చూశాడు.

"ఏందబ్బయా, చందా ఇయ్యని చేత్తో వడ్డిస్తుండావే?"

"ఇయ్యనంది ఆ స్టేజీకి మామా, ఈ ఆకుకి కాదు గదా."

ఈ జవాబు బలే చెప్పానని ఆ రాత్రి పడుకున్నాక అనుకున్నాను గానీ, అక్కడ మాత్రం ఆయన నవ్వలేదు. లేచి అవతలి బంతిలో కూర్చున్నాడు. ఇప్పటికీ ఎదురైతే సరిగ్గా పలకరించడు. కాబట్టి ఇదంతా ఖర్చు లేకుండా అయిపోతుందని చెప్పను. రికార్డింగ్ డ్యాన్సు కూడా ఆగలేదు. ఒక ఇంటి చందా తగ్గితే స్టేజీ ఆగదు.

ఆగిన కథ కూడా మన జిల్లాలోనే ఉంది. కలిగిరి మండలంలో దూబగుంట. సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డారు. తాగొచ్చిన మొగుడికి ఎదురు చెప్పి దెబ్బలు తిన్న ఆడది అంతకుముందు ప్రతి ఊళ్ళోనూ ఉంది, ప్రతి ఇంట్లోనూ తనకు తాను "ఇది తప్పు" అని తేల్చుకున్నదే. తేల్చుకోవడంలో లోటు లేదు, మోసేటప్పుడే ఒంటరి. 'అక్షర దీపం' అనే అక్షరాస్యత కార్యక్రమం కింద పెట్టిన రాత్రి బడుల్లో వాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. వాచకంలో సారాను ఊళ్ళోంచి తరిమిన పాఠం చదివారు. ఆ తర్వాత కలిసి లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ రాత్రి బడి నా పుస్తకంలోకి కూడా వచ్చింది, వేరే దారిలో.

ముప్పై మూడో రోజు పద్దు: "హెర్నియా ఆపరేషన్." చాన్నాళ్ళ నుంచి ఉన్నదే. మా ఆవిడ కూతురి దగ్గర, ఒంగోలులో ఉంది. చెప్తే పరిగెత్తుకొస్తుందని చెప్పలేదు. బామ్మర్దికి చెప్పలేదు. సంచిలో రెండు లుంగీలు పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. పెద్ద ఆసుపత్రి, అన్నీ బాగానే ఉన్నాయి. సంతకాల దగ్గర నర్సమ్మ అడిగింది, "మీ తరఫున ఎవరండీ?" నేను ఎవరూ లేరమ్మా, నేనే పెడతానన్నాను. కుదరదంది. ఫోన్ తీసి పేర్లు పైకీ కిందకీ తిప్పాను. ఎవరికి చేసినా ముందు "ఇన్నాళ్ళూ చెప్పలేదేం" అనే తిట్టుతోనే మొదలవుతుంది. చివరికి మా తోటలో కాయకోతకి వచ్చే మేస్త్రికి చేశాను. ఎస్టీ కాలనీ మనిషి. ఎందుకు అతనికే చేశానో అప్పుడు తెలియదు. అతను తిట్టడని తెలుసు, అంతే.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. అతనికి సంతకం రాదు. ఆమె పెట్టింది. అక్షరాలు ఒక్కొక్కటి విడివిడిగా, మెల్లగా. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంటే, "రాత్రి బడిలో అయ్యా, చిన్నప్పుడు, మాయమ్మతో పాటు పొయ్యేదాన్ని" అంది.

మండలం అయ్యాక పుస్తకం తీసి ఒక పని చేశాను, మీరూ చేయండి, అన్నిటికన్నా ఇదే విలువైనది. రెండో గడిలో ఉన్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. మూడో గడిలో మీరు కాక ఇంకెవరి పేర్లున్నాయో అవి ఇంకో కాగితం మీద. రెండూ పక్కపక్కన పెట్టండి. నావి రెండూ దాదాపు కలవలేదు. నేను ఎవరి మాటకి భయపడుతున్నానో ఆ నలుగురు వేరు, నా బరువు మోసిన నలుగురు వేరు. పాడె మోసే నలుగురి గురించి అందరూ చెప్తారు. నేను చెప్పేది బోరు మోటారు కాలితే పైపులు మోసే నలుగురి గురించి. మూడొందల అడుగుల లోతు నుంచి పైపులు ఒక్కడు తీయలేడు, ఎంత ఎమర్సన్ చదివినా. ఆ నలుగురూ ఆ కాలనీ నుంచే వచ్చారు. కానీ ఏదైనా పని చేసేముందు "నలుగురూ ఏమనుకుంటారో" అనుకున్నప్పుడు ఆ నలుగురి మొహాలు నా కళ్ళ ముందుకి ఎప్పుడూ రాలేదు. సమాజం, సమాజం అంటాం గానీ, మన ఊళ్ళలో ఆ మాటకి అర్థం చాలాసార్లు మన కులపోళ్ళు, మన వీధి, మన వియ్యపు వాళ్ళు. పుస్తకం రాయకపోతే నేనిది ఒప్పుకునేవాణ్ణి కాదు.

అయితే తొందరపడి మొదటి కాగితంలో వాళ్ళని చెడ్డవాళ్ళని కొట్టేయకండి. ఆపరేషన్ సంగతి తెలిసి మా బామ్మర్ది ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఏం బావా, మేం చచ్చామనుకున్నావా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. మోయడానికి రాలేదని నేను రాసిన మనిషికి నేను కబురే పంపలేదు. కాబట్టి అలాంటి పేర్ల పక్కన "అడగలేదు" అని రాయండి. నా కాగితంలో సగం పేర్ల పక్కన అదే పడింది.

అడగడం రాని వాళ్ళకి ఒక చిట్కా. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి పోండి. నీళ్ళలో మోకాలి లోతున నిలబడి జనం అరుస్తుంటారు, ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె అని. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఎవరి రొట్టె వాళ్ళు తినేస్తే పండగే లేదు. ఆ ఏడు నేను పోయి "ఆరోగ్య రొట్టె" అన్నాను. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి గట్టిగా అన్నాను. కడప వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఇచ్చింది. తెలియని మనిషిని, పదిమందిలో, నాకు ఇది కావాలి అని అడగడం అరవై ఏళ్ళలో అదే మొదలు. బామ్మర్దిని అడగడం దాని తర్వాత సులువైంది.

ఈ దారిలో ఇంకో ప్రమాదం ఉంది, అది ఉత్సాహవంతులకి. ఊరి నలుగురూ పనికిరారు, మన భావాలకి సరిపోయే వాళ్ళమే కలిసి కొత్త ఊరు కట్టుకుందాం అనిపిస్తుంది. కాంకర్డ్ వాళ్ళకీ అనిపించింది. 1843 జూన్‌లో ఆల్కాట్ అనే ఆయన, లేన్ అనే ఆయన కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే పొలంలో కాపురాలు పెట్టారు. మాంసం లేదు, పాలు లేవు, బానిసల చెమటతో పండింది కాబట్టి నూలు బట్ట లేదు. భావాలన్నీ బ్రహ్మాండం. పంట చేతికొచ్చే వేళకి మగాళ్ళు ఉపన్యాసాలివ్వడానికి ఊళ్ళు పట్టి పోతే, వాన ముంచుకొస్తుంటే తల్లీ పిల్లలు బార్లీ కుప్పలు లోపలికి చేర్చుకున్నారని ఆల్కాట్ కూతురు తర్వాత రాసింది. 1844 జనవరికల్లా మూతపడింది. తేల్చేవాళ్ళు ఎక్కువై మోసేవాళ్ళు తక్కువైన కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది? ఎమర్సన్ ఇలాంటి వాటిల్లో చేరలేదు. తన ఊళ్ళోనే, తన ఇరుగుపొరుగుతోనే ఉన్నాడు. 1872లో ఆయన ఇల్లు కాలిపోతే స్నేహితులు డబ్బు పోగుచేసి తిరిగి కట్టించారు. మర్నాటి ఏడు విదేశాల నుంచి దిగేసరికి ఊరంతా స్టేషన్‌కి వచ్చింది. నిన్ను నువ్వే నమ్ముకో అని రాసిన మనిషే స్నేహితులు కట్టించిన ఆ ఇంట్లోకి తిరిగి పోయాడు. అది ఓటమి అని నాకు అనిపించలేదు.

మా ఆవిడ మాట కూడా చెప్పాలి. ఆమె ఒంగోలు నుంచి వచ్చాక ఈ కుర్చీ, పుస్తకం సంగతి అంతా చెప్పాను. విని, "మీకు తోటలో కుర్చీ దొరికింది. నాకు ఈ ఇంట్లో ముప్పావు గంట ఖాళీగా ఉండే పీట ఏది?" అంది. నేను కుర్చీలో కూర్చున్న ఆ ముప్పావు గంటా టీ, టిఫిను, నీళ్ళ మోటారు, పాలవాడు అన్నీ ఎవరు మోస్తున్నారో నా పుస్తకంలో ఎక్కడా లేదు. 41 రోజుల్లో ఒక్క పద్దు కూడా లేదు! గుమాస్తాగిరీ 31 ఏళ్ళు చేసి ఇదీ నా లెక్క. ఇప్పుడు రోజు మార్చి రోజు పొద్దున్న వంటిల్లు నాది. ఇడ్లీ పిండి నానబోయడం దగ్గర తప్పులు జరుగుతున్నాయి, ఆ వివరాలు వద్దు. ఆమెకి నా పుస్తకం నచ్చలేదు. క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే తనేదో గుర్తులు పెట్టుకుంటుంది. చూపించదు, నేను అడగను.

పెళ్ళయిన మగవాళ్ళెవరైనా ఇది మొదలుపెడితే మొదటి రోజే ఈ పద్దు రాసుకోండి: నా ముప్పావు గంటను మోసేది ఎవరు?

ఇక నాలుగో గడి. మండలం అయ్యాక అది గీయండి. పైన "నేను ఎవరిది మోశాను" అని రాయండి. ముందే గీస్తే గొప్పల కోసం నింపేస్తామని ఆపమన్నాను. నాది చాన్నాళ్ళు తెల్లగానే ఉంది. చందాలిచ్చాను, చదివింపులు చదివించాను గానీ, ఒక మనిషి బరువు కింద నా భుజం పెట్టింది లేదు. పద్దులు రాయడం తప్ప నాకు ఇంకేం వచ్చులే అనుకునేవాణ్ణి.

పోయిన వారం మేస్త్రి తోటకొచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. కుర్చీ వేళ. మామూలుగా అయితే ఆ వేళ ఎవర్నీ రానివ్వను. కాలనీలో ఆరుగురికి పింఛను ఆగిపోయిందట, కాగితాలు ఎవరికీ అర్థం కావట్లేదట. "మీరు లెక్కలాయన గదయ్యా, ఒకసారి చూస్తారా" అన్నాడు. కుర్చీ చంకలో పెట్టుకుని కాలనీకి పోయాను. వాళ్ళు మంచం వేయబోయారు, నా కుర్చీ ఉందిలే అన్నాను. సాయంత్రం దాకా పాస్‌బుక్కులు, ఆధార్ నకళ్ళు చూసి అర్జీలు రాశాం. నలుగురివి సరిపోయాయి. ఇద్దరివి పుట్టిన తేదీ దగ్గర తేడా వచ్చింది, సోమవారం మండల ఆఫీసుకి వాళ్ళతో పాటు నేనూ పోవాలి.